బాలల మ్యూజియము: తెచ్చుకోదగినది, తెచ్చుకోరానిది

విదేశములోని ఒక బాలల మ్యూజియములో వేసవి అంతా పనిచేసి వచ్చే విద్యార్థి — ఆ పనినే ఈనాడు ఇంటర్న్‌షిప్ అంటున్నారు — బయలుదేరే ముందు సాధారణముగా ఒక నివేదిక వ్రాసి ఇవ్వవలసి ఉంటుంది. ఏయే గదులలో పనిచేసినది, ఏ ప్రదర్శనముల తయారీలో చేయి వేసినది, ఎందరు పిల్లలు వచ్చినది, తాను ఏమి నేర్చుకొన్నది అందులో ఉంటవి. ఛాయాచిత్రములు సరేసరి. మ్యూజియమువారికి అది చాలును. కాని ఆ విద్యార్థి తిరిగి వచ్చునది జోగులాంబ గద్వాల జిల్లాలోని అయిజ వంటి ఊరికైతే? అచ్చటి ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పే ఉపాధ్యాయుడు ఆ కాగితములను తిరగవేసి, "బాగున్నది, ఇందులో మా పిల్లలకు పనికివచ్చేది ఏది?" అని అడిగితే ఏమి చెప్పవలెను? బాలల మ్యూజియములను గూర్చి వచ్చే వ్రాతలలో ప్రశంస ఎక్కువ. ఈ ప్రశ్న తక్కువ.

ప్రశ్న ఊరకే వేసినది కాదు. అయిజ నుండి హైదరాబాదు సుమారు రెండువందల కిలోమీటర్లు. పాఠశాలవారు బస్సు మాట్లాడుకొని విహారయాత్రకు పోతే చార్మినారును, దానితోపాటు సాలార్‌జంగ్ మ్యూజియమును చూపించి తిరిగివస్తారు. 1951లో ప్రారంభమైన ఆ మ్యూజియములో బాలలకని ఒక విభాగము ఉన్నది. బొమ్మ సైనికులు, ఆటబొమ్మలు అద్దముల వెనుక బారులు తీరి ఉంటవి. ఆటవస్తువును ఆడరాని విధముగా అమర్చి చూపవలెనన్న కోరిక పెద్దలదే గాని పిల్లలది కాదు. ఇక అచ్చటి గడియారము సంగతి తెలియనివారు లేరు. గంట కొట్టే వేళకు జనము ముందుగానే వచ్చి కూర్చుంటారు. గడ్డపు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది, జనము లేచిపోతారు. బొమ్మను వెలుపలికి తోసినది ఏది? పన్నెండుకు పన్నెండు దెబ్బలే కొట్టవలెనని యంత్రమునకు ఎట్లు తెలిసినది? ఈ జవాబులన్నియు పెట్టె లోపల ఉన్నవి. చూడవచ్చినవారికి దొరికినది పెట్టె వెలుపలి భాగము. అది కళాఖండముల నిలయము గనుక ఈ విషయమున దానిని తప్పుపట్టుట న్యాయము కాదు. అయితే పల్లెల నుండి వచ్చే పిల్లలలో చాలమందికి జీవితములో తటస్థపడే మ్యూజియము అదొక్కటే కావటముచేత, మ్యూజియమనగా దూరముగా నిలిచి చూచి పోయే చోటు అన్న భావము స్థిరపడినది.

బాలల మ్యూజియము పుట్టినది ఈ భావమును తిరగవేయుటకే. ఈ తరహాలో మొదటిది 1899లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగములో తెరచినారు. బోస్టన్ నగరములోనిది 1913 నాటిది. దీనిని స్థాపించినది ప్రభుత్వము కాదు, సైన్సు ఉపాధ్యాయుల సంఘము. పక్షులు, గవ్వలు, ఖనిజములు ఒకచోట పోగుచేసి, పాఠము చెప్పుటకు వలసిన వస్తువులను, ఆలోచనలను ఒకరితో ఒకరు పంచుకొనుటే వారి ఉద్దేశము. ఈ ఒక్క విషయమును మన ఉపాధ్యాయులు బాగుగా గమనించవలెను. నేడు కోట్ల డాలర్ల ఖర్చుతో నడిచే సంస్థ మొదట ఉపాధ్యాయులు పోగుచేసిన వస్తువులతో మొదలైనది.

1962లో ఆ మ్యూజియమునకు డైరెక్టరుగా వచ్చిన మైకేల్ స్పాక్, శిశుపోషణపై ప్రసిద్ధ గ్రంథము వ్రాసిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ కుమారుడు. అద్దాల బీరువాలను తొలగించి, వస్తువులను పిల్లల చేతికి ఇచ్చుట ఆయన విధానము. 1964లో ఆయన ఏర్పాటు చేసిన ప్రదర్శనము పేరే "లోపల ఏమున్నది?" ఇంటిలో, వీధిలో నిత్యము కనిపించే వస్తువులను అడ్డముగా, నిలువుగా కోసి లోపలి నిర్మాణమును చూపినారు. ఆడుకొనే బంతి, మరుగుదొడ్డి కూడ అందులో ఉన్నవి. కొత్త వస్తువు ఒక్కటియు లేదు. తెలిసిన వస్తువులోని తెలియని భాగమును చూపుటే అందలి విశేషము. సాలార్‌జంగ్ గడియారము ముందు కూర్చున్న పిల్లవాడు మనసులో అడిగే ప్రశ్ననే బోస్టన్‌లో గోడమీద పేరుగా వ్రాసిపెట్టినారన్నమాట.

విదేశపు మ్యూజియములను చూచి తిరిగివచ్చి ఏమి చేయవచ్చుననుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. ఈయన పరమాణు బాంబు నిర్మాణమునకు సారథ్యము వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్ తమ్ముడు, తానును భౌతికశాస్త్రవేత్త. రాజకీయ కారణములచేత 1949లో మినెసోటా విశ్వవిద్యాలయములో ఉద్యోగము పోయినది. ఎక్కడను పని దొరకక, కొలరాడో రాష్ట్రములోని పగోసా స్ప్రింగ్స్ అనే చిన్న ఊరి దగ్గర పశువులను పెంచుకొంటూ కాలము గడిపినారు. 1957లో ఆ ఊరి ఉన్నత పాఠశాలలో సైన్సు ఉపాధ్యాయుడుగా చేరినారు. పరికరములు చాలవు. పిల్లలను వెంటబెట్టుకొని పాత యంత్రములు పారవేసే చోటికి పోయి, అక్కడ దొరికిన భాగములను ఊడదీయించి పాఠము చెప్పినారు. తరువాత విశ్వవిద్యాలయములో మరల స్థానము దొరికినప్పుడు, విద్యార్థి తనంత తాను వచ్చి చేసికొనగల సుమారు నూరు ప్రయోగములను ఒకచోట అమర్చి, దానికి "ప్రయోగముల గ్రంథాలయము" అని పేరుపెట్టినారు.

1965లో ఆయన ఒక సంవత్సరము యూరపులో ఉన్నారు. పోయినది భౌతికశాస్త్ర పరిశోధనకే. కాని తీరిక దొరికినప్పుడెల్ల మ్యూజియములు తిరిగినారు. లండన్ సైన్సు మ్యూజియములో 1931 నుండి పిల్లలకని ప్రత్యేకముగా ఒక విభాగము ఉండేది. మ్యూనిక్‌లో ఆస్కార్ ఫాన్ మిల్లర్ 1903లో స్థాపించిన జర్మన్ మ్యూజియములో సందర్శకుడు త్రిప్పి నడిపించగల యంత్రములు ఉన్నవి. పారిస్‌లో నోబెల్ బహుమతి గ్రహీత జాఁ పెరాఁ 1937లో నెలకొల్పిన ఆవిష్కార మందిరములో, జనము ఎదుట ప్రయోగములు చేసి చూపే మనుషులు ఉన్నారు. ఈ మూడింటిలో ఆయనను ఎక్కువగా ఆకర్షించినది భవనము కాదు, వస్తుసంచయము కాదు. వస్తువునకు, చూడవచ్చినవానికి మధ్య నిలబడిన మనిషి.

1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన తెరచిన ఎక్స్‌ప్లొరేటోరియములో రెండు విశేషములు కనిపిస్తవి. ఒకటి, ప్రదర్శనములు తయారుచేసే కార్ఖానాను దాచక, అందరికి కనబడే చోట ఉంచినారు. లేతుయంత్రము తిరగటము, వెల్డింగు చేయటము, విరిగినదానిని అతుకుట కూడ ప్రదర్శనములో భాగమే. రెండవది, వివరించి చెప్పే పనిని పండితులకు అప్పగించలేదు. ఉన్నత పాఠశాల విద్యార్థులను జీతము ఇచ్చి పెట్టుకొన్నారు. ఆవు కన్నును కోసి అందలి కటకమును వెలుపలికి తీసి చూపే పని కూడ ఆ పిల్లలదే. మ్యూజియములో ఎవరును ఫెయిలు కారని ఓపెన్‌హైమర్ అంటూ ఉండేవారు. తమ ప్రదర్శనములను ఇతరులు కాపీ చేసికొనుటకు వీలుగా, కొలతలతో, బొమ్మలతో, తాము పడిన ఇబ్బందులతో సహా, వంటల పుస్తకము వలె అచ్చు వేసి అమ్మినారు. ప్రపంచములోని ఎన్నో విజ్ఞాన కేంద్రములలో కనబడే ప్రదర్శనములకు మూలము ఆ పుస్తకములలో ఉన్నది. కాని వాటిని కాపీ చేసినవారిలో కార్ఖానాను వెలుపల పెట్టినవారు తక్కువ. పదవ తరగతి పిల్లవానికి వివరించే పని ఇచ్చినవారు ఇంకా తక్కువ. వస్తువు వచ్చినది, మనిషి రాలేదు.

ఇచ్చటనే విమర్శకు చోటున్నది. బాలల మ్యూజియము పేరు చెప్పగానే అంతయు మేలే అనుకొనరాదు. నొక్కితే దీపము వెలిగే మీటలు ఎన్నో మ్యూజియములలో ఉన్నవి. పిల్లవాడు ఒక మీట నొక్కి, దీపము వెలిగే లోపలనే రెండవ మీట వద్దకు పరుగెత్తుతాడు. సందర్శకులు దేని ముందు ఎన్ని క్షణములు నిలుచుచున్నారో గడియారము పట్టుకొని కొలిచే పద్ధతిని ఎడ్వర్డ్ రాబిన్‌సన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1928లోనే ప్రచురించినాడు. నేటికిని వేసవి శిక్షణకు వచ్చిన విద్యార్థికి తరచు అప్పగించే పనులలో అదొకటి. దండిగా జనము వచ్చినారని సంతోషించే సంస్థకు ఆ అంకెలు చేదుగానే ఉంటవి.

ఇంకొక పరిశీలన ఇంతకంటె తీవ్రమైనది. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబములు విస్తారముగా ఉన్న శాన్‌హోసే ప్రాంతములో ఒక బాలల మ్యూజియము ఉన్నది. అచ్చట తల్లిదండ్రులు పిల్లలతో ఏమి మాట్లాడుచున్నారో కెవిన్ క్రౌలీ, ఆయన సహచరులు గమనించి 2001లో ప్రకటించినారు. ఏ మీట ఎట్లు త్రిప్పవలెనో మగపిల్లలకు, ఆడపిల్లలకు ఇంచుమించు సమానముగానే చెప్పినారు. కాని "ఇది ఎందుకు ఇట్లు అయినది" అన్న కారణమును మాత్రము ఆడపిల్లలకంటె మగపిల్లలకు మూడింతలు తరచుగా వివరించినారు. ఆ పిల్లలలో ఇంకా మాటలు సరిగా రానివారును ఉన్నారు! అద్దాలు తీసివేసి, వస్తువును చేతికిచ్చి, ప్రవేశము అందరికి సమానము చేసిన తరువాత కూడ కారణము చెప్పే వేళకు భేదము వచ్చిపడినది. అమెరికాలో సంగతి ఇట్లుంటే, తరగతిలో ప్రయోగము చేయుటకు మగపిల్లవానిని పిలిచి, పట్టిక వ్రాయుటకు ఆడపిల్లను కూర్చోబెట్టే అలవాటున్నచోట సంగతి వేరుగా చెప్పవలెనా?

ఇక అంగడి ప్రదర్శనము. అమెరికాలోని బాలల మ్యూజియములలో పిల్లల ఎత్తునకు తగిన ఒక కిరాణా దుకాణము తరచు కనబడుతుంది. చిన్న బండి త్రోసుకొంటూ చెక్క పండ్లు ఏరుకొని, ఉత్తుత్తి డబ్బు ఇచ్చి వస్తారు. దుకాణపు లెక్కలు చూడని పిల్లలకు అది మంచి ఆటే. సంతకు పోయి అసలు డబ్బు ఇచ్చి, చిల్లర సరిచూచుకొని, తూకములో మోసము పట్టుకొని వచ్చే పల్లె పిల్లకు దానిని కట్టించి ఇచ్చుట హాస్యాస్పదము. తెచ్చుకోరానిది ఏదని అడిగితే ముందు చూపవలసినది ఇదే.

మన దేశములో ఈ ప్రయత్నము లేకపోలేదు. కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియము 1959లోను, బెంగుళూరులో విశ్వేశ్వరయ్య మ్యూజియము 1965లోను ప్రారంభమైనవి. ప్రదర్శనములను బస్సులో పెట్టి పల్లెలకు పంపే పద్ధతిని కలకత్తావారు 1965లోనే మొదలుపెట్టినారు. హైదరాబాదులో బిర్లా నక్షత్రశాల 1985లో వచ్చినది. తెలుగు నేలపై చెప్పుకోదగినది కుప్పము దగ్గరి అగస్త్య సంస్థ. లండన్‌లో బ్యాంకు ఉద్యోగము వదలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ 1999లో దీనిని స్థాపించినారు. అచ్చటి బండ్లు పాఠశాలలకు ప్రయోగసామగ్రిని మోసుకొనిపోతవి. పిల్లలే ఇతర పిల్లలకు ప్రయోగములు చేసి చూపుతారు. ఓపెన్‌హైమర్ పద్ధతిలోని అసలు కీలకము, అనగా మనిషి, ఇచ్చట కొంత దొరికినది. బస్సు పద్ధతికి మాత్రము ఒక సహజమైన లోపమున్నది: బస్సు వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయిన మరునాడు తరగతిలో ఏమి మిగిలినదన్నదే కొలమానము.

అయిజలో ఏమున్నది? కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నడిగడ్డలో సీడు పత్తి సాగు ప్రసిద్ధము. మన దేశములో మొదటి సంకరజాతి పత్తి అయిన హైబ్రిడ్-4ను సి. టి. పటేల్ సూరత్‌లో రూపొందించి 1970లో విడుదల చేసినారు. అటువంటి విత్తనము తయారు కావలెనంటే ప్రతి పూవునకును మనిషి చేయి తగలవలసినదే. సాయంకాలము, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను పసిగట్టి, రేకులను, పుప్పొడి తిత్తులున్న కేసరనాళమును గోటితో ఒలిచివేస్తారు. నడుమనున్న కీలము గాయపడరాదు. గుర్తుకు ఏదైన తొడుగుతారు. మరునాటి ఉదయము మగ సాలులోని పూవును కోసితెచ్చి, దాని పుప్పొడిని కీలాగ్రముపై రుద్దుతారు. దీనినే అచ్చట క్రాసింగ్ అంటారు.

ఈ ప్రాంతపు పిల్లలు "ఆడ సాలు, మగ సాలు" అంటారు. పాఠ్యపుస్తకము పత్తి పూవు ద్విలింగ పుష్పమని చెప్తుంది. పరీక్షలో పిల్ల ఆడపూవు అని వ్రాస్తే మార్కు పోతుంది. నిజమునకు రెండును సరియైనవే. పూవు పుట్టుకతో ద్విలింగమే; సాయంకాలము కేసరములు ఒలిచివేసినందున అది ఆడపూవు అయినది. లింగము మొక్క ఇచ్చినది కాదు, వ్రేలిగోరు ఇచ్చినది. ఈ ఒక్క సంగతిని తరగతిలో విప్పి చెప్తే స్వపరాగసంపర్కము, పరపరాగసంపర్కము, సంకరము అనే మూడు మాటలకు అర్థము తెలుస్తుంది. ఇంత విలువైన ప్రదర్శనము విదేశపు మ్యూజియములలో లేదు.

కాని ఇచ్చట జాగ్రత్త అవసరము. ఆ నేర్పు ఆ పిల్లల చేతికి ఊరకే రాలేదు. 1990, 2000 దశకములలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడు పత్తి చేలలో బడి మానిన పిల్లలు, అందులోను ఆడపిల్లలు, పెద్ద సంఖ్యలో పనిచేసినారు. చిన్న వ్రేళ్ళు మొగ్గకు తగినవని చెప్పుట ఒక సాకు; కూలి తక్కువన్నది కారణము. బాలకార్మిక నిషేధ చట్టము 1986లో వచ్చినది. 2016 సవరణతో పదునాలుగేండ్లలోపు పిల్లలచేత పని చేయించరాదని దానిని విస్తరించినారు. అయినను, బడి వేళలు దాటిన పిదప కుటుంబపు పనిలో సాయపడుటకు అనుమతి మిగిలినది. ఆ సందులో చేనిపని ఎంత దూరపోతుందో ఊరి ఉపాధ్యాయునికి చెప్పనక్కరలేదు, హాజరుపట్టీ చెప్తుంది. కనుక పత్తి పూవును అందముగా మలచి, దీపములు అమర్చి, "మన ఊరి విజ్ఞానము" అని పలక తగిలిస్తే అది సగము నిజమే. ఎవరి వ్రేళ్ళు, ఎన్ని గంటలు, బడి ఎన్ని దినములు పోయినది అన్నవి కూడ ఆ పలకమీద ఉండవలెను. బోస్టన్‌లో బంతిని కోసి చూపినట్లు, దీనిని కోసి చూపుట అనగా ఇదే.

ప్రయోగమునకు చేనికి పోవలసిన పని లేదు. మందు చల్లిన చేనిలోనికి పిల్లలను తీసికొనిపోరాదు. బడి ఆవరణలో నాలుగు మొక్కలు పెంచితే చాలును. మూడు మొగ్గలు తీసికొని, ఒకదానిని తాకక విడువవలెను. రెండవదానికి కేసరములు ఒలిచి కాగితపు సంచి తొడిగి ఊరకుండవలెను. మూడవదానికి ఒలిచి, మరునాడు వేరొక పూవు పుప్పొడి రుద్ది, సంచి తొడగవలెను. ఏది కాయ కట్టినది, ఏది రాలినది, ఎన్నవ దినమున రాలినది పిల్లలే చీటీలు వ్రాసి కడతారు. పూవు మొదటి దినమున పాలమీగడ వన్నెలో ఉండి రెండవ దినమునకు ఎరుపెక్కటము కూడ చూస్తారు. అది ఆంథోసయనిన్ అనే వర్ణకము చేసే పని. వివరించి చెప్పే బాధ్యత ఎనిమిదవ తరగతి ఆడపిల్లలకు ఇవ్వవలెను, పట్టిక వ్రాయుట మగపిల్లలకు. శాన్‌హోసే పరిశీలనను చదివినవారికి ఈ ఏర్పాటులోని ఉద్దేశము తెలుస్తుంది.

ఆవు కన్ను మాట వస్తే, అది మన ఊళ్ళలో కుదరదు. మేక కన్ను మాంసపు అంగడిలో దొరుకుతుంది. అదియు ఇష్టమున్న పిల్లలకే.

ఇప్పుడు నివేదిక సంగతికి రావచ్చును. వేసవి ముగించుకొని వచ్చిన విద్యార్థి వ్రాతలో చూడవలసినవి ఛాయాచిత్రములు కావు. అట్టముక్కలతో మొదట చేసిన నమూనా ఎన్నిసార్లు విరిగినది, పిల్లలు దానిని అనుకోని విధముగా ఎట్లు వాడినారు, ఏ ప్రశ్నకు తాను జవాబు చెప్పలేకపోయినది, వివరించబోయి ఎప్పుడు పిల్లవాని నోరు మూయించినది — ఇవి ఉన్న నివేదిక అయిజకు పనికివస్తుంది. మరమ్మతు పుస్తకము నకలు తెస్తే మరీ మంచిది. ఏ భాగము ఎన్ని వారములకు అరిగినదో తెలియనిదే బడిలో ఏ పరికరమును నిలువదు. చాల పాఠశాలలలో ప్రయోగసామగ్రి బీరువాలో తాళము కింద ఉండుటకు ఉపాధ్యాయుల సోమరితనము కారణము కాదు. పగిలితే ఎవరు జవాబుదారి అన్న భయము. ఆ భయమును మాన్పగలిగినది మరమ్మతు తెలిసిన మనిషి.

అట్టి మనుషులు అయిజ వంటి ఊరిలో ఉండనే ఉన్నారు. బోరు మోటార్లకు తీగ చుట్టే మేస్త్రీ దగ్గర కాలిపోయిన మోటారు ఇనుపతుక్కు ధరకు దొరుకుతుంది. దానిని నిలువునా కోయిస్తే తీగచుట్టలు, భ్రమకము, బేరింగు, పైన పంపు గిన్నెలు వరుసగా కనిపిస్తవి. నీరు ఎట్లు పైకెక్కుతున్నదో, మోటారు ఎక్కడ కాలినదో మేస్త్రీయే ఒక పూట వచ్చి చెప్పగలడు. ఆయన మాటలలోని "చుట్ట", "ఫేజు" పుస్తకములోని మాటలతో ఎట్లు కలుస్తవో చూపుట ఉపాధ్యాయుని వంతు. కోయించేటప్పుడు లోపల నిలిచిన నీరు ముందుగా తీయించవలెను. కోసిన అంచులను ఆకురాయితో బాగుగా నునుపు చేయించవలెను. పిల్లలు మొట్టమొదట వ్రేలు పెట్టేది అచ్చటనే.